పిల్లలకు ఆటల ద్వారా బైబిల్ బోధించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సండే స్కూల్ ఉపాధ్యాయులు, సెలవుల బైబిల్ తరగతులు నడిపేవారు, ఇంట్లో తమ పిల్లలకు తామే బైబిల్ నేర్పాలనుకునే తల్లిదండ్రులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. అన్ని ప్రశ్నలకూ ఒకే పొడవున సమాధానం అవసరం లేదు కనుక కొన్నింటికి క్లుప్తంగా, కొన్నింటికి వివరంగా రాయడమైనది.

పవిత్ర గ్రంథాన్ని ఆటలతో నేర్పితే దాని గౌరవం తగ్గదా?

ఈ సందేహం సహజమైనది. దీన్ని అడిగేవారిని ఛాందసులుగా కొట్టిపారేయకూడదు. అయితే బోధను కంటికి, చేతికి అందేలా చేయడం బైబిల్‌కు కొత్త కాదు. యెహెజ్కేలు ప్రవక్త ఒక మట్టి పలక మీద యెరూషలేము పట్టణాన్ని గీసి, దాని చుట్టూ ముట్టడి దిబ్బలు కట్టి, ఇనుప రేకును గోడగా నిలబెట్టి జనానికి చూపించాడని ఆయన గ్రంథం 4వ అధ్యాయం చెబుతుంది. యిర్మీయా అందరి ఎదుట మట్టి కూజాను పగులగొట్టాడు. యొర్దాను నది దాటిన తరువాత 12 రాళ్లను నిలబెట్టడానికి కారణమే పిల్లల ప్రశ్న: ఈ రాళ్లు ఏమిటని రేపు మీ పిల్లలు అడిగినప్పుడు ఈ సంగతి చెప్పండని యెహోషువ గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది. పునరుద్ధరించబడిన యెరూషలేము ఎలా ఉంటుందో వర్ణిస్తూ జెకర్యా, దాని వీధుల్లో ఆడుకునే బాలబాలికలను చూపిస్తాడు.

అయినా హద్దు అవసరమే. యేసు సిలువ మరణాన్ని, ప్రభు సంస్కారాన్ని పాయింట్లు వేసే ఆటగా మార్చకూడదని నా అభిప్రాయం. వాటిని నెమ్మదిగా చదివి, బొమ్మలు గీయించి, పిల్లలు అడిగినదానికి జవాబు చెప్పడం చాలు.

మంచి బైబిల్ ఆటను ఎలా గుర్తించాలి?

దీనికి నేను వాడే పరీక్ష ఒకటే. ఆటలో నుంచి బైబిల్ పేర్లను తీసివేసి చూడండి. అప్పటికీ ఆట ఏ మార్పూ లేకుండా సాగిపోతే, అది విరామ సమయంలో ఆడించదగిన ఆటే తప్ప పాఠం కాదు. ఉదాహరణకు కుర్చీలాటలో ఓడిపోయిన పిల్లవాణ్ణి నిలబెట్టి నోవహు కుమారుల పేర్లు అడిగితే, అక్కడ కుర్చీలకూ నోవహుకూ ఏ సంబంధమూ లేదు. పైగా ఓడినవాడికి ప్రశ్న శిక్షగా వచ్చింది. కథలో జరిగినదే ఆట నియమంగా మారినప్పుడు మాత్రం నియమాన్ని గుర్తుంచుకున్న పిల్లవాడు కథనూ గుర్తుంచుకుంటాడు. కింది ఆటల్లో ఎక్కువ భాగం ఈ పరీక్షకు నిలిచినవే.

అలాంటి ఆటకు ఒక ఉదాహరణను వివరంగా చెప్పగలరా?

యెరికో గోడల ఆటను తీసుకోండి. యెహోషువ గ్రంథం 6వ అధ్యాయం ప్రకారం ఇశ్రాయేలు ప్రజలు 6 రోజులు రోజుకొక్కసారి, 7వ రోజున 7 సార్లు, అంటే మొత్తం 13 సార్లు పట్టణం చుట్టూ తిరిగారు. ఏడుగురు యాజకులు పొట్టేలు కొమ్ము బూరలు ఊదుతుండగా మిగిలిన ప్రజలు కేకలు వేయుమని ఆజ్ఞ వచ్చే దాకా నోరు విప్పకూడదు. ఆటకు కావలసిన నియమాలన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఖాళీ అట్టపెట్టెలతో గది మధ్యలో గోడ కట్టించండి. కింది వరుస పెట్టెలకు దారాలు కట్టి, వాటి చివరలను మీ చేతిలో ఉంచుకోండి. ఏడుగురు పిల్లలకు కాగితం చుట్టి చేసిన బూరలు ఇవ్వండి. మిగిలినవారు మౌనంగా నడవాలి. ఎవరైనా నవ్వినా, మాట్లాడినా ఆ చుట్టు లెక్కలోకి రాదు, అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. ఎనిమిదో చుట్టుకల్లా పిల్లలకు కాళ్లు నొప్పి పుడతాయి, నవ్వు ఆగదు, గోడ మాత్రం కదలదు. ‘ఇంతసేపు తిరిగినా ఏమీ కావడం లేదేమిటి?’ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే ఈ ఆట. యెరికో చుట్టూ తిరిగినవారిలో ఎంతమంది అదే అనుకొని ఉంటారో అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది. 13వ చుట్టు పూర్తయ్యాక సైగ చేయగానే అందరూ ఒక్కసారిగా కేక వేయాలి, మీరు దారాలు లాగాలి. పిల్లలు గోడను తన్నడానికి వస్తే ఆపండి. కథలో దాని మీద ఎవరూ చెయ్యి వేయలేదు.

ఒక పెట్టెకు మాత్రం ఎర్రని దారం కట్టి, దాన్ని పక్కగా విడిగా నిలబెట్టి ఉంచండి. అంతా కూలినా అది ఎందుకు నిలిచిందని అడిగితే, రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని తాడు కథ (2వ అధ్యాయం) చెప్పడానికి దారి దొరుకుతుంది. పట్టణం కూలిన తరువాతి సంహారాన్ని చిన్నపిల్లలకు వివరించనవసరం లేదు; పెద్ద పిల్లలు తామే చదివి అడిగితే మాత్రం ఆ ప్రశ్నను దాటవేయకండి.

మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఏ ఆటలు సరిపోతాయి?

ఈ వయసు పిల్లలకు గెలుపోటములు అర్థం కావు, అర్థమైతే ఏడుస్తారు. అందుకే వెతకడం, దొరకడం, సంతోషించడం అనే మూడు మెట్లతో ముగిసే ఆటలు వారికి చాలు. లూకా సువార్త 15వ అధ్యాయం దానికి చక్కగా సరిపోతుంది: 100 గొర్రెలలో ఒకటి, 10 వెండి నాణేలలో ఒకటి, ఇద్దరు కుమారులలో ఒకడు తప్పిపోతారు. కాగితపు గొర్రెలను లెక్కపెట్టించి, ఒకటి తగ్గిందని వాళ్లే కనిపెట్టేలా చేయండి. నాణెం కోసం వెతికేటప్పుడు గదిలో వెలుతురు తగ్గించి ఒక చిన్న టార్చిలైటు, ఒక చీపురు ఇవ్వండి. ఆ కథలోని స్త్రీ దీపం వెలిగించి ఇల్లు ఊడ్చింది కదా. ఎవరికి దొరికినా అందరూ కలిసి చప్పట్లు కొట్టాలి. ఆ స్త్రీ పొరుగువారిని పిలిచి సంతోషించినట్లే, ఈ ఆటలో చప్పట్లు ఒకరి విజయానికి కాక దొరికిన వస్తువుకు చెందుతాయి.

ఈ వయసుకు ఆట పది నిమిషాలు మించకూడదు. ఇంకా ఆడాలని అడుగుతున్నప్పుడే ఆపడం మంచిది.

భాషను, సహకారాన్ని కలిపి నేర్పే ఆట ఏదైనా ఉందా?

బాబెలు గోపురం ఆట ఏడేళ్లు దాటినవారిని బాగా ఆకట్టుకుంటుంది. నలుగురైదుగురు చొప్పున జట్లుగా చేసి, చెక్క దిమ్మెలతో వీలైనంత ఎత్తుగా గోపురం కట్టమనండి. మొదటి మూడు నిమిషాలు స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు. తరువాత ప్రతి పిల్లవాడికీ ఒక చీటీ ఇవ్వండి. దాని మీద అర్థం లేని ఒక కల్పిత పదం ఉంటుంది, ఇక ఏది అడగాలన్నా, ఏది వద్దనాలన్నా ఆ ఒక్క పదంతోనే చెప్పాలి, వేలు చూపించకూడదు. కొద్దిసేపటికే దిమ్మెలు తారుమారవుతాయి, కొందరు విసుగుతో పని మానేస్తారు. ఆదికాండము 11వ అధ్యాయంలో వారు ఆ పట్టణము కట్టుట మానిరి అనే మాటను ఆ క్షణంలో చదివి వినిపించండి.

నేనైతే ఆటను అక్కడితో ఆపను. చీటీలు వెనక్కి తీసుకొని, మళ్లీ మాట్లాడుకుంటూ అదే గోపురాన్ని కట్టించి, అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పెంతెకొస్తు దినాన కూడినవారిలో ప్రతివాడూ తన తన భాషలో విన్న సంగతిని చెబుతాను. ఒక ఆటలో పాత, కొత్త నిబంధనలు రెండూ కలుస్తాయి.

కంఠత వాక్యాలు పిల్లలకు వారం తిరిగేసరికి మరచిపోకుండా ఉండేదెలా?

పదేపదే వల్లె వేయించడం కంటే, మరచిపోయినదాన్ని గుర్తు తెచ్చుకునే పని పిల్లలకే అప్పగించడం మేలు. వాక్యాన్ని బోర్డు మీద రాసి అందరితో ఒకసారి చదివించండి. తరువాత ఒక పిల్లవాణ్ణి పిలిచి తనకు నచ్చిన ఒక పదాన్ని చెరిపివేయమనండి. చెరిపిన పదంతో సహా మళ్లీ అందరూ చదవాలి. ఇలా ఒక్కొక్క పదమే పోతూ చివరికి ఖాళీ బోర్డును చూసి వాక్యమంతా చెప్పగలుగుతారు. ఏ పదం చెరపాలో నిర్ణయించే అధికారం పిల్లల చేతిలో ఉండటమే ఇందులోని సరదా. మొదటిసారి ‘యేసు కన్నీళ్లు విడిచెను’ (యోహాను 11:35) వంటి మూడు పదాల వాక్యంతో మొదలుపెడితే చిన్నవాళ్లు కూడా ధైర్యం తెచ్చుకుంటారు.

కొంచెం పెద్దవారికి అక్షరమాల పద్ధతి బాగుంటుంది. 119వ కీర్తనలో 176 వచనాలు ఉన్నాయి. అవి హెబ్రీ భాషలోని 22 అక్షరాలకు ఒక్కొక్క దానికి 8 వచనాల చొప్పున కూర్చబడినవి. చాలా ముద్రణల్లో ఆలెఫ్, బేత్ అనే శీర్షికలు కనిపించేది అందుకే. దీన్ని చూపించి, అ, ఆ, ఇ, ఈ వరుసలో తమకు తెలిసిన వాక్యాలను వెతికి పేర్చమనండి. మొదట సులభంగా కనిపించినా ‘ఔ’ దగ్గరకు వచ్చేసరికి బైబిల్ పేజీలు గట్టిగానే తిరుగుతాయి.

పాత అనువాదంలోని గ్రాంథిక భాష పిల్లలకు అర్థం కాకపోతే, ముందు వాడుక భాషలో భావం చెప్పించి, ఆ తరువాతే కంఠతా పట్టించండి. అర్థం తెలియని వాక్యం పిల్లల నోటికి వచ్చినా ఎక్కువ కాలం నిలవదు.

బైబిల్ గ్రంథాల వరుసను నేర్పడానికి పాట తప్ప వేరే మార్గం లేదా?

పాట మంచిదే, కాని పాటతో నేర్చుకున్నవారికి మీకా ఎక్కడుందో తెలియాలంటే ఆదికాండము నుంచి పాడుకుంటూ రావాలి. బైబిల్ అనే పేరు ‘పుస్తకాలు’ అని అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి వచ్చింది కనుక, దాన్ని ఒక గ్రంథాలయంగా చూపించండి. ఖాళీ అగ్గిపెట్టెలకు కాగితం అంటించి ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క గ్రంథం పేరు రాసి, అరలు గీసిన అట్ట మీద సర్దించండి. పాత నిబంధనలో ధర్మశాస్త్రం 5, చరిత్ర 12, కావ్యాలు 5, ప్రవక్తలు 17, మొత్తం 39; కొత్త నిబంధనలో సువార్తలు 4, అపొస్తలుల కార్యములు 1, పత్రికలు 21, ప్రకటన 1, మొత్తం 27. ఆటలో ఒకరు కళ్లు మూసుకుంటే మరొకరు ఒక పెట్టెను తీసి వేరే అరలో దాస్తారు; తప్పు చోట ఉన్న పుస్తకాన్ని ‘గ్రంథాలయాధికారి’ కనిపెట్టాలి.

పై లెక్క ప్రొటెస్టెంట్ బైబిల్‌ది; కతోలిక బైబిల్‌లో 73 గ్రంథాలు ఉంటాయి. రెండు సంఘాల పిల్లలు కలిసి ఆడే చోట ఈ సంగతి ముందే చెప్పకపోతే గొడవ ఖాయం.

బైబిల్ డ్రిల్, అంటే సూచించిన వచనాన్ని ఎవరు ముందు తెరుస్తారో చూసే పోటీ, ఈ వరుస వచ్చిన తరువాతే పెట్టాలి. విరామంలో మరో విశేషం చెప్పవచ్చు: అధ్యాయాల, వచనాల అంకెలు మూల రచయితలు వేసినవి కావు. ఇప్పటి అధ్యాయ విభజన 13వ శతాబ్దంలో స్థిరపడింది; కొత్త నిబంధనలో ఇప్పుడు మనం వాడే వచన సంఖ్యలను రాబర్ట్ ఎటియెన్ అనే ముద్రాపకుడు 1551లో ప్రచురించాడు.

క్విజ్ పెడితే ఎప్పుడూ అదే ఇద్దరు పిల్లలు జవాబులు చెబుతున్నారు. ఏం చేయాలి?

ఇది నేను కూడా చాలాకాలం చేసిన పొరపాటు. చేతులెత్తినవారిని అడుగుతూ పోయాను. మిగిలినవారు నిశ్శబ్దంగా కూర్చుంటే శ్రద్ధగా వింటున్నారని అనుకున్నాను. క్విజ్‌లో వేగానికి బహుమతి ఉన్నంతకాలం నెమ్మదిగా ఆలోచించేవారు ఆలోచించడమే మానేస్తారు. ప్రశ్న అడిగి, జట్టులోని అందరూ గుసగుసగా చర్చించుకోవడానికి అర నిమిషం ఇచ్చి, ఆ తరువాత పాచిక వేసి ఎవరి సంఖ్య వస్తే వారు జవాబు చెప్పాలని నియమం పెట్టండి. అప్పుడు బాగా తెలిసినవాడు తెలియనివాడికి నేర్పక తప్పదు.

పిల్లలే ప్రశ్నలు తయారు చేసే పద్ధతి ఇంకా మంచిది. న్యాయాధిపతులు 14వ అధ్యాయంలో సమ్సోను తన పెళ్లి విందులో 30 మందికి పొడుపు కథ వేశాడు. ఆ కథ చెప్పి, ఒక్కొక్కరు ఒక బైబిల్ వ్యక్తి మీద పొడుపు కథ కట్టుకొని రమ్మంటే, చదవమని బతిమాలనవసరం లేకుండానే చదువుకొని వస్తారు.

ఆటల కోసం కథలను కొంచెం మార్చుకోవచ్చా?

కుదించవచ్చు, మార్చకూడదు. ఇప్పటికే పటాల వల్ల, నాటికల వల్ల బైబిల్‌లో లేని సంగతులు చాలా పిల్లల మనసులో స్థిరపడ్డాయి. నిజానికి వాటినే ఆటగా చేయవచ్చు. ‘ఉందా, లేదా?’ అని ఒక్కొక్క మాట చదివి, ఉందనుకున్నవారు కుడి గోడ వైపు, లేదనుకున్నవారు ఎడమ గోడ వైపు పరుగెత్తాలి. తరువాత బైబిల్ తెరిచి చూడాలి. ఏదెనులోని పండు ఆపిల్ అని ఆదికాండము చెప్పదు. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు. కానుకలు మాత్రం బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు. యోనాను మింగినది పెద్ద చేప అనే యోనా గ్రంథంలో ఉంది గాని తిమింగలం అని లేదు. ఓడలోకి అన్ని జంతువులూ రెండేసి వచ్చాయని అందరూ అంటారు, కాని పవిత్ర జంతువులను ఏడేసి చొప్పున తీసుకోమని ఆదికాండము 7:2లో ఉంది. పెద్దలను కూడా ఈ ఆటలో చేర్చండి. ఎక్కువగా తప్పు గోడ వైపు పరుగెత్తేది వారే.

పదమూడేళ్లు దాటినవారు ఇవన్నీ చిన్నపిల్లల ఆటలని రారు. వారికేమి పెట్టాలి?

కొలిచే పని, వాదించే పని పెట్టండి. నోవహు ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మూర. దాదాపు 45 సెంటీమీటర్లు అనుకుంటే ఓడ పొడవు 135 మీటర్లు అవుతుంది. ఒక జట్టు తమ చేతులతో, మరో జట్టు టేపుతో మైదానంలో కొలిచి మేకులు పాతితే, ఇద్దరి ఓడలూ ఒకే పొడవు రావు. ఎందుకు రాలేదన్నదే చర్చ. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జేన, అంటే సుమారు 2.9 మీటర్లు. ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ, మృత సముద్రపు చుట్టలు అనే ప్రాచీన చేతిరాత ప్రతులలో దొరికిన ఒక సమూయేలు ప్రతిలోనూ అది నాలుగు మూరల జేన అని, అంటే సుమారు 2 మీటర్లని ఉంది. రెండు రూపాలనూ నేల మీద సుద్దతో గీయించి, ప్రతుల మధ్య తేడాలు ఎలా వస్తాయో మాట్లాడండి. ఈ వయసువారికి ఇలాంటి విషయం దాచకుండా చెబితే గౌరవంగా తీసుకుంటారు.

మరొకటి, పౌలు ప్రయాణాల పలక ఆట. సిద్ధంగా దొరికేదాన్ని కొనకుండా వారిచేతే తయారు చేయించండి. అపొస్తలుల కార్యములు 13, 14 అధ్యాయాలు చదివి అంతియొకయ, సలమీ, పాఫు, పెర్గే, ఈకొనియ, లుస్త్ర, దెర్బే అని గళ్లు వేయాలి. ఏ గడిలో ఏమి జరుగుతుందో గ్రంథాన్ని బట్టే నియమం రాయాలి. లుస్త్రలో మొదట జనం పౌలును, ఆయనతో ఉన్న బర్నబాను దేవతలని పూజించబోయారు, ఆ తరువాత పౌలును రాళ్లతో కొట్టారు. ఆ గడికి ముందుకు పంపే నియమం రాయాలా, వెనక్కి పంపే నియమం రాయాలా అని ఒక జట్టు అరగంట వాదించుకోవడం చూశాను. దెర్బే తరువాత పౌలు మళ్లీ అదే లుస్త్రకు తిరిగి వెళ్లాడని తెలిసినప్పుడు వాదన ఇంకా పెరిగింది.

నాటికలలో యేసు పాత్రను పిల్లలు వేయవచ్చా?

సంఘాన్ని బట్టి, కుటుంబాన్ని బట్టి అభిప్రాయం మారుతుంది కనుక ముందే పెద్దలను అడగడం మంచిది. అభ్యంతరం ఉన్న చోట యేసు మాటలను కథకుడు తెర వెనుక నుంచి చదివితే సరిపోతుంది. మంచి సమరయుని కథలో పిల్లలందరూ సమరయుడి పాత్రే అడుగుతారు. పాత్రలు మార్చి మార్చి ఆడించి, పక్కగా దాటిపోయిన యాజకుడూ లేవీయుడూ ఆ సమయంలో ఏమనుకొని ఉంటారో వారినే చెప్పమనండి.

బహుమతులు ఇవ్వాలా?

అప్పుడప్పుడు, అందరికీ. ప్రతి వాక్యానికీ బహుమతి అలవాటైతే, అది ఆగిన రోజున వాక్యం కూడా ఆగుతుంది. జట్టు మొత్తానికి కలిపి లెక్కించే పాయింట్లు, తరువాతి ఆటను ఎంచుకునే హక్కు వంటివి వస్తువుల కంటే మేలు.

ఇంట్లో ఒకరిద్దరు పిల్లలే ఉంటే ఎలా?

మూగసైగలతో కథను కనిపెట్టే ఆట, బొమ్మల జతలు వెతికే ఆట, పొడుపు కథలు ఇద్దరికీ సరిపోతాయి. వయసులో తేడా ఉంటే పెద్దవారిని కథ చెప్పేవారిగా నియమించండి. దూరంగా ఉన్న బంధువులతో వీడియో కాల్‌లో ‘ఉందా, లేదా?’ చక్కగా సాగుతుంది.

పరుగెత్తలేని, చూడలేని, వినలేని పిల్లలను ఎలా కలుపుకోవాలి?

వారి కోసం విడిగా ఆట పెట్టకుండా, అందరి ఆట నియమాన్నే మార్చండి. ‘ఉందా, లేదా?’ ఆటలో పరుగుకు బదులు రెండు రంగుల అట్టముక్కలు ఎత్తించవచ్చు. చూపు లేని పిల్లలు ఉన్న చోట తప్పిపోయిన గొర్రె మెడలో చిన్న గంట కట్టి, వెతికే అందరి కళ్లకూ గంతలు కట్టండి. యెరికో ఆటలో వినలేనివారికి అర్థమయ్యేలా కేకకు సైగగా ఒక జెండాను వాడండి. మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లలకు మార్కులు వేసే పని, సమయం చూసే పని ఇస్తే, కొన్ని వారాలకు వారే ఆటలోకి వస్తారు.

ఇతర మతాల కుటుంబాల పిల్లలు కూడా వస్తే?

ఏమి ఆడించబోతున్నారో, ఏ కథ చెప్పబోతున్నారో వారి తల్లిదండ్రులకు ముందే స్పష్టంగా చెప్పి, అనుమతి తీసుకోండి. ఆట పేరుతో పిలిచి మరొకటి చేయకూడదు. ప్రార్థన సమయంలో పక్కన కూర్చునే స్వేచ్ఛ పిల్లలకు ఉండాలి.

ఆట అయిపోయాక పాఠం చెప్పాలా?

ఆడి అలసిన పిల్లలకు సుదీర్ఘ ప్రసంగం వద్దు. ఆటలో ఏది కష్టంగా అనిపించింది, కథలో ఆ వ్యక్తికి అప్పుడు ఏమనిపించి ఉంటుంది, ఇంకా ఏమి తెలుసుకోవాలని ఉంది అనే మూడు ప్రశ్నలు చాలు. ఆ తరువాత ఆ భాగాన్ని బైబిల్ నుంచి గట్టిగా చదవండి. ఆటకు ముందు చదివితే కదులుతూ ఉండే పిల్లలు, తరువాత చదివితే తాము ఆడినది ఎక్కడ వస్తుందా అని వింటారు. మీరు ఒక చుట్టు తక్కువ చదివితే పట్టుకుంటారు కూడా. జవాబు తెలియని ప్రశ్న వస్తే ఒక కాగితం మీద రాసి గోడకు అంటించి, వచ్చే వారం దానితోనే మొదలుపెట్టండి.